నాగార్జునకొండ శాసనంలో మన పాలూరు

సంపాదకులు గారికి నమస్కారాలు.

అయ్యా,

కార్తీకమాసం వెళ్ళిందంటే ఒడిశాలోని మా బరంపురంలో బడిపిల్లల విహారయాత్రలు మొదలవుతాయి. తప్తపాణి, గోపాల్‌పూర్, రంభ వంటి దగ్గరి చోట్లకు ఒక్క పూటలో వెళ్ళి వచ్చేవారు కొందరైతే, పిల్లలకు తెలుగు నేల చూపించాలన్న కోరికతో విశాఖ, అరకు దాకా వెళ్ళేవారు మరికొందరు. ఈ ఏడు ఇంకాస్త దూరమైనా సరే నాగార్జునకొండకు తీసుకువెళ్ళమని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారిని, తెలుగు సంఘాల పెద్దలను, తోటి ఉపాధ్యాయులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పిల్లలతో నేను అక్కడికి రెండుసార్లు బయలుదేరాను. మొదటిసారి ఎలా వెళ్ళకూడదో తెలిసింది, రెండోసారి ఎలా వెళ్ళాలో తెలిసింది. రెండూ చెప్పుకోవలసినవే.

నాగార్జునకొండ ఇప్పుడు కృష్ణానది నీటి నడుమ దీవి. పుట్టుక చేత మాత్రం అది దీవి కాదు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణమ్మ ఉన్న ఒక లోయలో, 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులకు రాజధానిగా ఉన్న విజయపురి వెలిసింది. ఆ లోయలోనే 30కి పైగా బౌద్ధ నిర్మాణాలు ఉండేవి. స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు కాపురముండి చదువు చెప్పిన విహారాలు అన్నీ అక్కడే. కాలక్రమంలో అడవి కమ్మేసిన ఆ చోటు 1926లో మళ్ళీ లోకానికి తెలిసింది. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. నాగార్జునసాగర్ ఆనకట్ట కడతారని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయ అంతా మళ్ళీ తవ్వి చూశారు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్ళు వచ్చేలోగా తొమ్మిది కట్టడాలను ఊడదీసి, తెచ్చి, లోయ మధ్యలోని కొండ నెత్తిన తిరిగి కట్టారు. మరికొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. ఆ తరువాత లోయ మునిగింది. కొండ తల మాత్రం మిగిలింది. ఆ తలే ఇప్పటి దీవి. ఒక్క కట్టడాన్ని మరో చోటికి మార్చడమే ఎంతో శ్రమ, అలాంటిది తొమ్మిదింటిని రాయి రాయికీ గుర్తు పెట్టుకుని కొండెక్కించినవారికి మనమంతా రుణపడి ఉన్నాం.

మొదటిసారి నాలుగేళ్ళ కిందట బయలుదేరాం. మా వీధి పిల్లలు, చుట్టాల పిల్లలు కలిసి 30 మందికి పైనే. రైలులో 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఆ పైన బస్సులో మాచర్ల మీదుగా సాగర్ చేరాం. ప్రయాణం కుదిర్చిన ఆయన ఒక్క రోజులోనే ఆనకట్ట, ఎత్తిపోతల జలపాతం, కొండ మూడూ చూపిస్తానని మాట ఇచ్చాడు. ఆనకట్ట, జలపాతం అయ్యేసరికే మధ్యాహ్నం దాటింది. రేవు దగ్గరకు వెళ్ళాక గాని తెలియలేదు, ఆ రోజు శుక్రవారమని, దీవి మీది మ్యూజియానికి శుక్రవారం సెలవని. పిల్లలు గట్టు మీద కూర్చుని పులిహోర తిని, దూరంగా నీళ్ళలో కనిపిస్తున్న కొండను చూస్తూ ఉండిపోయారు. ఒక పిల్లవాడు మాత్రం, “టీచరమ్మా, అక్కడేముంది?” అని అడిగాడు. నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. ఏ వారం సెలవో ముందుగా కనుక్కోకపోవడం ఆయన పొరపాటు, ఆయనను అడగకపోవడం నా పొరపాటు. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. అక్కడ ఏముందో, దానితో తమకేం సంబంధమో ఆ పిల్లలకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా బయలుదేరదీశాను. లాంచీ దొరికి ఉన్నా వాళ్ళు చూసేది రాళ్ళే.

రెండోసారి రెండు నెలల ముందు నుంచే సిద్ధమయ్యాం. ఈసారి 11 మందే, 7 నుంచి 14 ఏళ్ళ లోపువారు. ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటి వసారాలో కూర్చునేవాళ్ళం. పలకల మీద అక్కడి శాసనాలు చెక్కిన బ్రాహ్మీ లిపి అక్షరాలు దిద్దించాను. అశోకుని నాటి బ్రాహ్మిలో ‘క’ అచ్చంగా లెక్కల పుస్తకంలోని కూడిక గుర్తులా ఉంటుంది. ‘ర’ ఒక నిలువు గీత. ‘ఠ’ సున్నా. ఇది చెప్పగానే మా మనవడు పలక మీద ఒడియా ‘ఠ’ రాసి చూపించాడు, అది ఇప్పటికీ సున్నాయే. పక్కనే తెలుగు ‘ఠ’ రాశాడు, అందులో సున్నా లోపల చుక్క ఉంది. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు నేర్చే మన సరిహద్దు పిల్లలు రెండు లిపులూ ఒక్క సున్నాలోంచి పుట్టడం కళ్ళారా చూశారు. ఆ సాయంత్రం వాళ్ళను ఇళ్ళకు పంపడం కష్టమైంది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మన పిల్లలకు ఏదీ సరిగా రాదని కొందరు తల్లిదండ్రులు బెంగపడుతూ ఉంటారు. ఈ విషయంలో మాత్రం ఒక్క భాషే తెలిసిన పిల్లలకంటే మన పిల్లలకే ఎక్కువ కనిపిస్తుంది.

ఒక ఆదివారం ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడ వెళ్ళాం. అక్కడ బండ మీద అశోకుని ధర్మశాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధం జరిగిన నేల మీద చెక్కించిన శాసనాలివి. ‘మనుషులందరూ నా బిడ్డలు’ అని ఆ రాజు ఇక్కడి అధికారులకు చెప్పిన మాట ఈ బండ మీదే ఉంది. అక్షరాలు చాలా చోట్ల అరిగిపోయాయి. అయినా కూడిక గుర్తు కనిపించిన ప్రతిచోటా పిల్లలు ‘క, క’ అని కేకలు వేశారు. మనకు ఇంత దగ్గరలో ఉన్న ఈ బండను చూడని తెలుగు పిల్లలు మా ఊళ్ళో ఎంతో మంది ఉన్నారు. నాగార్జునకొండ వెళ్ళలేనివారు కనీసం ఇక్కడికైనా వెళ్ళాలి.

సంక్రాంతి వెళ్ళాక బుధవారం నాటికి సాగర్ చేరాం. ఈసారి ఆ రోజంతా దీవికే కేటాయించాం. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కితే దీవికి చేరడానికి ఇంచుమించు గంట పడుతుంది. ఆ గంటను వృథా చేయలేదు. “మనమిప్పుడు విజయపురి మీదుగా పోతున్నాం, కింద వీధులున్నాయి, విహారాలున్నాయి, అవన్నీ నీళ్ళలో ఉన్నాయి” అని చెబితే పిల్లలంతా రక్షణ చొక్కాలతోనే ఒక్కసారిగా కిందికి తొంగి చూశారు. ఏడేళ్ళ మా మనవరాలు కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “అమ్మమ్మా, అక్కడి వాళ్ళు ఎక్కడికి పోయారు?” అని అడిగింది. భిక్షువుల గురించి అడుగుతోందేమో అనుకున్నాను. ఆనకట్ట కట్టినప్పుడు లోయలో ఉన్న ఊళ్ళవాళ్ళ గురించి అడిగిందని మాట్లాడగా తెలిసింది. పల్నాటి చేలకు, నల్లగొండ చేలకు నీళ్ళు రావాలని వాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదులుకుని వెళ్ళారని, మన హిరాకుడ్‌లో కూడా అలాగే ఎన్నో ఊళ్ళు, గుళ్ళు మునిగాయని చెప్పాను. చరిత్ర అంటే రాజుల కాలంతోనే ఆగిపోదని పిల్లలకు తెలియడానికి ఆ లాంచీ ప్రయాణం కంటే మంచి పాఠం లేదు.

దీవి మీద ఎండ గట్టిగానే ఉంది. పల్నాటి ఎండ పుష్యమాసంలో కూడా నిలువనీయదు, పిల్లలకు టోపీలు, నీళ్ళ సీసాలు తప్పనిసరి. ముందు మహాచైత్యం అనే పెద్ద స్తూపం దగ్గరకు వెళ్ళాం. మొదట కట్టినప్పుడు దాని అడ్డకొలత 106 అడుగులు. ఇక్ష్వాకు వంశపు శాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ, ఆయన కొడుకు వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో దానిని పూర్తి చేయించింది. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, ఆయన ఇంటి ఆడవారు బౌద్ధ విహారాలకు దానాలు చేసిన ఉపాసికలు. ఒకే ఇంట్లో రెండు దారులు సర్దుకుని ఉన్న సంగతి నా మాటల్లో విన్నప్పటికంటే, ఆ రాళ్ళ ముందు నిలబడి విన్నప్పుడు పెద్దపిల్లలకు బాగా పట్టింది.

స్తూపం లోపలి నిర్మాణం చక్రాకారంలో ఉంటుంది. మధ్యలో నుంచి చుట్టుగోడ దాకా ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా వెళతాయి. వాటి నడుమ ఖాళీల్లో మట్టి నింపి, పైన ఇటుకతో కప్పి, ఆ మీద పల్నాటి సున్నపురాతి పలకలు తాపేవారు. అంత మట్టిని ఉబ్బిపోకుండా, జారిపోకుండా పట్టి ఉంచేది ఆ గోడలే. ఈ మాట చెబుతుంటే మనవరాలు, “కోణార్క చక్రాన్ని పడుకోబెట్టినట్టుంది” అంది. నేను 30 ఏళ్ళు పాఠం చెప్పినా ఆ పోలిక నాకు తట్టలేదు. కోణార్క చూసిన పిల్లకే తడుతుంది. నాలుగు దిక్కులా ఉన్న ఆయక వేదికల మీద ఒక్కోదానికి ఐదేసి స్తంభాలు ఉండేవి. బుద్ధుని పుట్టుక, ఇల్లు విడిచి వెళ్ళడం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, నిర్యాణం, ఈ ఐదింటికీ అవి గుర్తులు. పిల్లలు తమంత తామే ప్రదక్షిణ మొదలుపెట్టారు, గుళ్ళో నేర్చిన అలవాటు.

అసలు నేను ఇంత దూరం పిల్లలను తెచ్చింది మరొకందుకు. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక ఇక్కడి చుళధమ్మగిరి విహారంలో ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆమె రాణి కాదు, గోవగామం అనే ఊరి గృహస్థుని కూతురు. ఆ శాసనపాఠాన్ని తెలుగు లిపిలో నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళాను. మ్యూజియం చూశాక ఒక చెట్టు నీడలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. సింహళ దేశపు ఆచార్యులకు ఆమె ఆ గుడిని అంకితం చేసింది. ఆ ఆచార్యులు ఏయే దేశాల వారి మనసులకు ప్రసన్నత కలిగించారో వరుసగా చెప్పింది. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, అవరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూర, తంబపన్ని. ‘పాలూర’ అన్న మాట నా నోట వచ్చిందో లేదో, మా మనవడు లేచి నిలబడి, “అమ్మమ్మా, మన పాలూరా?” అన్నాడు.

మన పాలూరే. చిలికా సరస్సు దక్షిణపు కొసలో, ఋషికుల్యను చిలికాతో కలిపే కాలువకు పేరిచ్చిన మన గంజాం జిల్లా పాలూరే ఆ ప్రాచీన రేవు అని చరిత్రకారులు చాలామంది గుర్తించారు. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళకారుడు టోలెమీ కూడా తూర్పు తీరంలో పలౌర అనే పట్టణాన్ని పేర్కొన్నాడు. తోసలి కూడా మనకు కొత్త కాదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళి శాసనంలో అశోకుడు ఆజ్ఞాపించింది తోసలి అధికారులనే. కృష్ణ ఒడ్డున ఒక సామాన్య గృహస్థు కూతురు చెక్కించిన రాతిలో కాశ్మీరంతో, చీనాతో సమంగా మన రేవు పేరు ఉంది. బరంపురంలో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు నేలకు వెళ్ళినప్పుడు ‘మీరు ఒడిశావాళ్ళు కదా’ అని, ఇక్కడ ‘మీరు తెలుగువాళ్ళు కదా’ అని వింటూ పెరుగుతారు. ఆ మధ్యాహ్నం ఆ 11 మంది ముఖాలు చూసినవారెవరికైనా నేను ఎందుకు ఇంతగా చెబుతున్నానో అర్థమవుతుంది. నోటుపుస్తకం నా చేతిలోంచి లాక్కుని ఆ ఒక్క మాటనే ఒకరి తరువాత ఒకరు చదువుకున్నారు.

అదే శాసనంలో పిల్లలను నవ్వించిన సంగతి మరొకటి ఉంది. ఈ పుణ్యం తన భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు అందాలని కోరుతూ బోధిశ్రీ ఇంటిల్లిపాది పేర్లూ చెక్కించింది. మేనల్లుళ్ళు ఇద్దరి పేర్లూ చందముఖుడే, ఒకడు మహా చందముఖుడు, ఒకడు చుళ చందముఖుడు. మన ఇళ్ళల్లో తాత పేరు ఇద్దరు మనవలకు పెట్టి, ఒకణ్ణి పెద్దబాబు, ఒకణ్ణి చిన్నబాబు అని పిలుచుకోమా? 1700 ఏళ్ళ కిందటి మేనత్త తమ మేనత్తలాగే కనిపించింది పిల్లలకు. చుట్టాల పేర్లు ఒక్కటీ మరిచిపోకుండా రాయించిన ఆ తల్లి మీద నాకు ఎంతో ప్రేమ కలిగింది.

తిరిగి వచ్చాక ఫిబ్రవరిలో వాళ్ళను పాలూరు కూడా తీసుకువెళ్ళాను. ఒకవైపు కొండ, ఒకవైపు చిలికా నీళ్ళు, వలలు ఆరేసుకుంటున్న జాలరులు. మనవరాలు పుల్ల తీసుకుని ఇసుకలో బ్రాహ్మిలో ఆ ఊరి పేరు రాసింది. ‘ర’ దగ్గర ఆగి, నిలువు గీత కింది కొసను ఎడమవైపుకు పొడుగ్గా వంచింది. ఇక్ష్వాకుల నాటి లేఖకులు అక్షరాల కాళ్ళు అలా సాగదీసి వంపులు తిప్పేవారు. నాగార్జునకొండ మ్యూజియంలో గమనించిందట. నేను చెప్పలేదు.

ఇక నా కోరికలు. మొదటిది, పిల్లలను తీసుకువెళ్ళే పెద్దలకు. దీవికి ఒక రోజంతా కేటాయించండి, దానితో మరొక చోటు కలపకండి. జలాశయంలో నీరు నిండుగా ఉండే కాలం చూసుకోండి, నీటిమట్టం బాగా తగ్గినప్పుడు లాంచీలు ఆగిపోతాయి. తిరుగు లాంచీ వేళ ముందే కనుక్కోండి. చిన్నపిల్లలకు పలకో, కాగితమో, పెన్సిలో ఇవ్వండి. ఫోను ఇస్తే ఒక్క క్షణం చూసి పోతారు, బొమ్మ గీయమంటే అరగంట నిలబడి చూస్తారు. మరునాడు వీలుంటే అనుపు వెళ్ళండి, అక్కడ రాతి మెట్లతో ఉన్న ప్రేక్షకశాల ఉంది. పిల్లలు దాని మధ్యలో నిలబడి పద్యం చదివితే పై మెట్టు మీదివాళ్ళు వినవచ్చు.

రెండవది మన తెలుగు సంఘాలకు. ఉగాది సభలకు, సన్మానాలకు చేసే ఖర్చులో కొంత తీసి, బోధిశ్రీ శాసనపాఠాన్ని తెలుగు లిపిలో, తేలిక తెలుగులో అర్థంతో, ఎదురు పేజీలో ఒడియా అర్థంతో చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. ఒడియా ఎందుకంటే మన పిల్లల స్నేహితులు ఒడియా పిల్లలు, పాలూరు వాళ్ళదీ మనదీ. మా 11 మందిలో ఇద్దరు ఒడియా ఇంటి పిల్లలే, తోసలి పేరు వచ్చినప్పుడు ముందుగా చెయ్యెత్తింది వాళ్ళే.

మూడవది తోటి ఉపాధ్యాయులకు. శాసనాలు పండితుల పని, మనకెందుకు అనుకోవద్దు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి పంతులు గారు ముఖలింగం గుడి శాసనాల లిపిని స్వయంగా నేర్చుకుని చదివారు. ఆయన కూడా మన సరిహద్దు ఊళ్ళో బడిపంతులే. అంత పాండిత్యం మనకు లేకపోయినా పది అక్షరాలు నేర్చి పిల్లలకు నేర్పడానికి రెండు ఆదివారాలు చాలు.

చివరిది మీకు. సెలవులకు ముందు వచ్చే ఒక ఆదివారం మీ పిల్లల పేజీలో బ్రాహ్మీ అక్షరమాలను తెలుగు అక్షరాల పక్కన అచ్చు వేయించగలరని కోరుతున్నాను. మా జిల్లాలో తెలుగు బడి పుస్తకాలు దొరకని ఇళ్ళకు కూడా మీ పత్రిక వస్తుంది. ఉత్తరం పెద్దదైందని తెలుసు. అంతా వేయడానికి చోటు లేకపోతే పాలూరు సంగతి, శుక్రవారం మ్యూజియానికి సెలవన్న సంగతి, ఈ రెండూ మాత్రం తప్పక వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా